మెమరీకి కూడా గేర్లుంటాయి: మా రూములో డెవ్‌ఫ్రీక్ చదువు

పోస్టు పెద్దది, మెస్ బెల్లుకి ముందు మొదలుపెట్టకండి.

మా ప్రాజెక్టు పేరు విన్న దగ్గర నుంచి చాలామంది రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. అసలు అది ఏంటి? దానితో ఉద్యోగం వస్తుందా? రెండోదానికి మా దగ్గర సగం జవాబే ఉంది. మొదటిదానికి మాత్రం పూర్తిగా చెప్పగలం అనే ధైర్యం ఇప్పుడు వచ్చింది, అందుకే రాస్తున్నాం.

మేమంటే ముగ్గురం. ఒకరిది చింతూరు అవతల కోయ గూడెం, ఒకరిది సీతంపేట దగ్గర సవర గూడ, ఒకరిది పాడేరు పైన. హాస్టల్లో మమ్మల్ని పేర్లతో ఎవరూ పిలవరు. చింతూరు, సీతంపేట, పాడేరు, అంతే. మూడు ఇళ్లలోనూ కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. ఇప్పుడు థర్డ్ ఇయర్ అయిపోవస్తోంది, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు టైటిల్ ఇచ్చేశాం. ఆ టైటిల్ గురించే ఈ గోలంతా.

ఫోన్ దగ్గర నుంచి మొదలుపెడదాం. ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున నడిచేది లినక్స్ కెర్నెల్. పని తక్కువ ఉన్నప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించి కరెంటు మిగిల్చే ఏర్పాటు ఆ కెర్నెల్‌లో చాలాకాలంగా ఉంది, దాన్ని సీపీయూఫ్రీక్ అంటారు. అయితే ఫోన్ చిప్‌లో ప్రాసెసర్ ఒక్కటే లేదు. బొమ్మలు గీసే జీపీయూ ఉంది. ర్యామ్‌ని చూసుకునే మెమరీ కంట్రోలర్ ఉంది. వీటి మధ్య డేటా మోసే దారులు ఉన్నాయి, వాటిని బస్సులంటారు (మా ఊరికి రోజుకి రెండుసార్లు వచ్చే బస్సు కాదు, చిప్ లోపలి తీగల దారి). వీటిలో చాలావాటికి సొంత గడియారం ఉంటుంది, అంటే సొంత వేగం. ప్రాసెసర్ నెమ్మదించినా ఇవి మాత్రం ఫుల్ స్పీడులోనే తిరుగుతుంటే కరెంటు పోతూనే ఉంటుంది.

2011లో శాంసంగ్‌లో పనిచేసే మ్యుంగ్‌జూ హామ్ అనే ఇంజనీరు దీనికోసం కెర్నెల్‌లో అందరికీ పనికొచ్చే ఒక చట్రం రాశారు. అదే డెవ్‌ఫ్రీక్. 2012 జనవరిలో వచ్చిన లినక్స్ 3.2లో అది చేరింది. దానిమీద వచ్చిన మొదటి డ్రైవర్ శాంసంగ్ వాళ్ల ఎక్సినోస్4 చిప్‌లో మెమరీ బస్సుకి. ఇప్పుడు చాలా ఫోన్లలో జీపీయూలు, మెమరీ కంట్రోలర్లు, యూఎఫ్ఎస్ స్టోరేజ్ దీని కింద నడుస్తాయి. మీ జేబులో ఫోన్ కూడా ఇది చదువుతున్న ఈ నిమిషంలో ఆ లెక్క చేస్తూ ఉండొచ్చు.

వేగం తగ్గిస్తే కరెంటు ఎందుకు మిగులుతుంది? చిప్‌లో స్విచ్చులు కొట్టుకోవడానికి ఖర్చయ్యే పవర్, వేగానికి ఒకసారి, వోల్టేజ్‌కి రెండుసార్లు లొంగుతుంది. అంటే వోల్టేజ్ వర్గాన్ని ఫ్రీక్వెన్సీతో గుణించాలి. ఒక లెక్క వేసుకోండి. వేగం సగానికి దించాం, దాంతోపాటు వోల్టేజ్ 1 నుంచి 0.8కి దించగలిగాం. 0.8 వర్గం 0.64. దాన్ని సగం చేస్తే 0.32. వేగం సగమే తగ్గింది, పవర్ మాత్రం మూడో వంతుకి పడిపోయింది. అసలు లాభం వోల్టేజ్‌లో ఉంది, ఫ్రీక్వెన్సీ దానికి తలుపు తీస్తుంది.

ఇక్కడ సీతంపేట ఒక పేచీ పెట్టాడు. "సగం వేగంతో చేస్తే పని రెండింతల సేపు పడుతుంది కదరా, మిగిలిందేముంది?" మంచి ప్రశ్నే. రెండింతల సేపు 0.32 చొప్పున అంటే 0.64. ముందు 1 అయ్యే ఖర్చు ఇప్పుడు 0.64 అయింది, ఇంకా లాభమే. వోల్టేజ్ అసలు తగ్గించకుండా వేగం మాత్రమే తగ్గిస్తే ఈ లాభం సున్నా. పైగా చిప్ ఊరికే మెలకువగా ఉన్నా కొంత కరెంటు కారిపోతూ ఉంటుంది, అది కూడా రెండింతల సేపు కారుతుంది. అందుకే "గబగబా పని ముగించి పడుకోవడమే మేలు" అనే వాదన కూడా ఈ రంగంలో ఉంది. రెండూ నిజమే, చిప్‌ని బట్టి, పనిని బట్టి మారతాయి. దీనికి ఒకే జవాబు చెప్పేవాళ్లని నమ్మకండి.

వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ మార్చే వరస కూడా ముఖ్యం. పెంచేటప్పుడు ముందు వోల్టేజ్ పెంచి తర్వాత వేగం పెంచాలి. దించేటప్పుడు ముందు వేగం దించి తర్వాత వోల్టేజ్ దించాలి. తిరగేస్తే ఆ మధ్య క్షణంలో చిప్ తక్కువ వోల్టేజ్‌తో ఎక్కువ వేగం పరిగెత్తాలి, డేటా తప్పుతుంది, బోర్డు హ్యాంగ్ అవుతుంది. మా రూములో దీన్ని ఎడ్లతో గుర్తుపెట్టుకున్నాం. మేత పెట్టాక బరువు ఎక్కించు, బరువు దించాక మేత తగ్గించు. ఇంక మళ్లీ పుస్తకం చూడక్కర్లేదు.

ఏ వేగానికి ఎంత వోల్టేజ్ కావాలో మన ఇష్టం కాదు. చిప్ తయారుచేసినవాళ్లు పరీక్షించి జతలు ఇస్తారు. ఆ జతని ఆపరేటింగ్ పెర్ఫార్మెన్స్ పాయింట్ అంటారు, పొట్టిగా ఓపీపీ. ఈ పట్టిక సాధారణంగా డివైస్ ట్రీ అనే ఫైల్లో ఉంటుంది. మా దగ్గరున్నది ఓడ్రాయిడ్ ఎక్స్‌యూ4 అనే చిన్న బోర్డు. పాసయిపోయి వెళ్లిన ఒక సీనియర్ అన్న ఇచ్చాడు. అందులో ఎక్సినోస్ 5422 చిప్, 2 జీబీ ర్యామ్. దాని ర్యామ్‌కి ఎనిమిది మెట్లున్నాయి: 165, 206, 275, 413, 543, 633, 728, 825 మెగాహెర్ట్జ్. ఆ ఎనిమిది నంబర్లు మొదటిసారి స్క్రీన్ మీద పడ్డప్పుడు పాడేరు అన్నమాట ఇదే: "ఒరే, మెమరీకి కూడా గేర్లున్నాయిరా." పాడేరు ఘాట్ రోడ్డు మీద పెరిగినవాడికి గేర్ల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

గేర్లు సరే, ఎప్పుడు ఏది వేయాలో ఎవరు చెప్పాలి? ఆ పని గవర్నర్లది. డెవ్‌ఫ్రీక్‌లో గవర్నర్ అంటే నిర్ణయం చేసే చిన్న కోడు. పెర్ఫార్మెన్స్ గవర్నర్ ఎప్పుడడిగినా "అన్నిటికంటే పైది" అంటుంది. పవర్‌సేవ్ ఎప్పుడూ "అన్నిటికంటే కిందిది". యూజర్‌స్పేస్ అంటే మనమే నంబరు రాసి ఇవ్వాలి. ప్యాసివ్ తనంతట తాను ఏమీ తేల్చదు, ఇంకో డివైస్ ఎటు పోతే అటు పోతుంది. మా చిప్‌లో ఒకే వోల్టేజ్ లైను మీద బోలెడు బస్సులు బతుకుతాయి, కాబట్టి ఒకటి పెద్దరికం చేస్తుంది, మిగతావి దాని వెనక నడుస్తాయి. ఒకే పొయ్యి మీద వండుకునే ఇళ్లలో ఎవరి మంట వాళ్లు పెంచుకుంటామంటే కుదరదు కదా.

అసలు బుర్ర ఉన్నది సింపుల్ ఆన్‌డిమాండ్ గవర్నర్‌లో. ఈ ఫైలు మొత్తం వంద లైన్లకి కాస్త పైన ఉంటుంది, అంతే. మేము దాన్ని ప్రింటు తీయించి గోడకి అంటించాం. ఏ తమ్ముడైనా కెర్నెల్ కోడు చదవడం మొదలుపెట్టాలంటే మేము చెప్పేది ఈ ఫైలే.

అది చేసేదింతే. కొంతసేపటికోసారి డ్రైవర్‌ని అడుగుతుంది: మొత్తం ఎంత టైము గడిచింది, అందులో ఎంతసేపు పనిలో ఉన్నావు, ఇప్పుడు ఏ వేగంలో ఉన్నావు? పనిలో ఉన్నది 90 శాతం దాటితే మెట్టుమెట్టుగా ఎక్కించదు, నేరుగా పై మెట్టుకి పంపేస్తుంది. ఎందుకంటే ఊపిరాడనంత పనిలో ఉన్నవాడి అసలు అవసరం ఎంతో మనకి కనిపించదు. నిండిన బిందెని చూసి ధార ఎంతో చెప్పలేం కదా. 85కి 90కి మధ్య ఉంటే ఉన్నచోటే ఉండమంటుంది. 85 కంటే తక్కువైతే లెక్క వేస్తుంది: పని శాతాన్ని ఇప్పటి వేగంతో గుణించి, వచ్చినదాన్ని 88 శాతంతో భాగిస్తుంది.

88 ఎక్కడ నుంచి వచ్చింది? 90 లోంచి 5లో సగం తీసేస్తారు. 5లో సగం రెండున్నర, కానీ సీ భాషలో పూర్ణాంకాల భాగహారం కాబట్టి 2 అవుతుంది. అందుకని 87.5 కాదు, 88. ఇది కనిపెట్టిన రాత్రి పాడేరు పడుకోలేదు, మమ్మల్నీ పడుకోనివ్వలేదు.

ఇప్పుడు మా ఎనిమిది మెట్ల మీద వేసి చూడండి. మెమరీ 825లో ఉంది, 40 శాతం పనిలో ఉంది. 825లో 40 శాతం 330. దాన్ని 0.88తో భాగిస్తే 375. అలాంటి మెట్టు లేదు, కాబట్టి దానికి పైన దగ్గర్లో ఉన్న 413 ఎంచుకుంటుంది. ఇప్పుడు అదే పని 413 మీద 80 శాతం అవుతుంది. మళ్లీ లెక్క వేసినా 375 వస్తుంది, మళ్లీ 413. కుదురుకుంది. కాసేపటికి పని 380కి పెరిగింది అనుకోండి. 413 మీద అది 92 శాతం, 90 దాటింది, ఒక్క గెంతులో 825కి పోతుంది. అక్కడ అదే పని 46 శాతమే, లెక్క వేస్తే 432, దానికి పై మెట్టు 543. రెండు అడుగుల్లో సరైన గేరు దొరికింది. ముందు పైకి గెంతి, కొలిచి, దిగాల్సినంత దిగడం. వాడేవాడి వేలు స్క్రీన్ మీద ఆగిపోకుండా ఉండడానికి ఈ పద్ధతి.

85కి 90కి మధ్య ఆ ఖాళీ ఎందుకు అని అడిగితే హాస్టల్ ఓవర్‌హెడ్ ట్యాంకు చూపిస్తాం. నీళ్లు కింది గీతకి దిగితే మోటారు వేయాలి, పై గీతకి వస్తే ఆపాలి. రెండు గీతలూ ఒకటే అయితే మోటారు నిమిషానికోసారి వేసి ఆపుతూ ఉండాలి, రెండు రోజుల్లో కాలిపోతుంది. ఇక్కడ ఏదీ కాలిపోదుగానీ, ఊరికే గేర్లు మార్చడానికే టైము పోతుంది.

రెండు ముక్కలు నిజాయితీగా చెప్పాలి. ఈ 90, 5 అనేవి ఎవరూ ఏమీ చెప్పకపోతే వాడే విలువలు. డ్రైవర్ రాసేవాళ్లు తమ డివైస్‌కి నప్పేవి ఇచ్చుకోవచ్చు, మెమరీ డ్రైవర్లు చాలాసార్లు అలాగే ఇచ్చుకుంటాయి. పై లెక్క అర్థమవడానికి వేసింది. రెండోది, వేగం సగమైతే పని శాతం సరిగ్గా రెట్టింపవుతుంది అని ఈ లెక్క నమ్ముతుంది. నిజం మెమరీ అంత బుద్ధిగా ఉండదు. అయినా కొంతసేపటికోసారి మళ్లీ కొలుస్తుంది కాబట్టి తేడా వచ్చినా సర్దుకుంటుంది. మాకు ఇందులో నచ్చింది ఇదే. ముందే అంతా తెలిసినట్టు నటించే కోడు కాదు ఇది.

గవర్నర్ చెప్పిందే చివరి మాట కూడా కాదు. దాని పైన కనిష్ఠం, గరిష్ఠం అని రెండు హద్దులుంటాయి. చిప్ వేడెక్కితే థర్మల్ వైపు నుంచి పై హద్దు కిందికి దిగుతుంది. గేమ్ ఆడుతుంటే అరగంటకి ఫోన్ నెమ్మదిస్తుంది చూశారా, దానికి ఒక కారణం ఇలాంటి కోత. కంపెనీ వాడు మోసం చేస్తున్నాడని తిట్టేముందు ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూడండి.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టిన సంగతి. కొంతసేపటికోసారి కొలుస్తుంది అన్నాం కదా. ఆ "కొంతసేపు" ఎవరు లెక్కపెడతారు? కెర్నెల్ టైమరు. డెవ్‌ఫ్రీక్ మామూలుగా వాడేది డిఫరబుల్ టైమరు. అంటే ప్రాసెసర్ నిద్రలో ఉంటే ఈ ఒక్క పని కోసం దాన్ని లేపదు, అది వేరే పని మీద లేచినప్పుడు కొలుస్తుంది. కరెంటు మిగల్చడానికి పెట్టిన కోడు కరెంటు కోసం నిద్ర చెడగొడితే అర్థం లేదు కదా. బాగానే ఉంది. కానీ ప్రాసెసర్ నిద్రలో ఉన్నప్పుడు కూడా మెమరీకి పని ఉండొచ్చు. డీఎంఏ అనే పద్ధతిలో డివైజ్‌లు ప్రాసెసర్‌ని కదపకుండా నేరుగా మెమరీలోంచి డేటా తీసుకుంటాయి, పెడతాయి. స్క్రీన్ కూడా మెమరీలోంచే బొమ్మని లాక్కుంటూ ఉంటుంది. అప్పుడేమవుతుంది? మెమరీ కింది గేరులో ఉండగా ప్రాసెసర్ పడుకుంది. పని పెరిగింది. కొలిచేవాడు పడుకున్నాడు. గేరు మారదు.

ఇప్ప పువ్వు ఏరే ఇళ్లవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. పువ్వు రాలేది రాత్రిపూట, మనం పడుకున్నప్పుడు. ఎంత రాలిందో తెల్లారి లేస్తే తప్ప తెలీదు, ఆలస్యమైతే మేకలకీ జింకలకీ వాటా పోతుంది. చింతూరు ఈ మాట అన్నాకే మా ముగ్గురికీ ఒకేసారి తలకెక్కింది. కెర్నెల్ వాళ్లు దీనికి తర్వాత ఒక మార్గం పెట్టారు. డ్రైవర్ కావాలంటే డిఫరబుల్ బదులు డిలేడ్ టైమరు ఎంచుకోవచ్చు, అది ప్రాసెసర్ నిద్రలో ఉన్నా లేపి కొలుస్తుంది. ఏది మేలో డివైస్‌ని బట్టి. మా ప్రాజెక్టు సరిగ్గా ఈ రెండిటి మధ్య తేడా కొలవడమే: ఒకే బోర్డు, ఒకే పని, రెండు టైమర్లు, ఎంత కరెంటు తేడా, ఎంత ఆలస్యం తేడా.

మీలో కొందరు అడగొచ్చు, ఇంత చిన్న సంగతికి ఏడాదా అని. బ్యాటరీ అనేది అందరికీ ఒకటే సంగతి కాదు. 2022 జూలైలో గోదావరి వచ్చింది గుర్తుందా, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. శబరి వెనక్కి తన్ని చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాల్లో ఊళ్లు మునిగాయి. చింతూరు అప్పుడు దూరంగా వేరే హాస్టల్లో ఉన్నాడు. కరెంటు పోయింది, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఛార్జింగు అయిపోయింది, గుట్ట మీదికి చేరామన్న కబురు వేరేవాళ్ల ఫోన్‌లోంచి రావడానికి చాలా రోజులు పట్టింది. మిగతా ఇద్దరి ఊళ్లలో వరద లేదుగానీ, సంత రోజు డబ్బులిచ్చి ఛార్జింగు పెట్టించుకునే ఫోన్లు మాత్రం రెండు చోట్లా ఉన్నాయి.

దీన్ని డెవ్‌ఫ్రీక్‌కి అంటగట్టి "ఇది ఉంటే ఆ ఫోన్ బతికేది" అని మేము చెప్పం. అది అబద్ధం. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్‌ని అందుకోవడానికి రేడియో పవర్ పెంచుతుంది, బ్యాటరీలో పెద్ద భాగం అక్కడ పోతుంది, ఆ రేడియో సంగతి డెవ్‌ఫ్రీక్ చేతిలో లేదు. మెమరీ దగ్గర మిగిల్చేది కొంచెమే. అయినా ఆ కొంచెం ఎలా మిగులుతుందో, ఎవరు నిర్ణయిస్తారో మా చేతులతో తెలుసుకోవాలనిపించింది. ప్రాజెక్టు రివ్యూలో ఈ కథ మేము చెప్పలేదు. జాలితో సంతకం పెట్టించుకోవడం మాకిష్టం లేదు.

రివ్యూ సంగతి కూడా చెప్పాలి. ప్యానెల్‌లో ఒక సార్ టైటిల్ చూసి, "కెర్నెల్ మీ లెవెల్ కాదు. అటెండెన్స్ యాప్ చేయండి, కోడు దొరుకుతుంది, మార్కులు వస్తాయి" అన్నారు. సార్ మా మంచికే చెప్పి ఉండొచ్చు. కానీ "మీ లెవెల్" అనేది మేము ఆశ్రమ స్కూల్ నుంచీ వింటున్నాం. సీతంపేట అడగకుండానే లేచి బోర్డు మీద 825, 40 శాతం, 88 రాసి 413 తేల్చి కూర్చున్నాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఇంకో మేడమ్ అడిగారు: "90 ఎందుకు? 95 ఎందుకు కాదు?" ఆ రోజంతా మా పనిని పనిగా చూసి అడిగిన ప్రశ్న అదొక్కటే. అందులో మహత్యం ఏమీ లేదు మేడమ్, మార్చుకోవచ్చు, 95 పెడితే ఇంకొంచెం కరెంటు మిగులుతుంది కానీ పైకి ఎక్కడం ఆలస్యమవుతుంది, వాడేవాళ్లకి తట్టినట్టు అనిపిస్తుంది అని చెప్పాం. మేడమ్ షరతు మీద సంతకం పెట్టారు. సెప్టెంబరు లోపు రెండు టైమర్ల మధ్య కొలిచిన తేడా చూపించాలి. చూపించలేకపోతే టైటిల్ మార్చుకుని అదే అటెండెన్స్ యాప్. అప్పుడు మిగిలే టైములో దాన్ని కూడా సరిగ్గా చేయలేం, క్యాంపస్ కంపెనీలు అడిగే మార్కుల గీత మాకు ఇప్పటికే దగ్గర్లో ఉంది.

ఇంటి దగ్గర ఒత్తిడి వేరే. సీతంపేట వాళ్ల నాన్న జీడి తోట పని చూసుకుంటాడు. "నోటిఫికేషన్ పడితే పరీక్ష రాయి బాబూ, ఆ పెట్టె ఎప్పుడైనా ఉంటుంది" అంటాడు ఫోన్‌లో. ఆయన తప్పేమీ లేదు. సర్కారు కొలువు ఆయన కళ్లతో చూశాడు, కెర్నెల్ ఇంజనీరుని చూడలేదు. మేమూ చూడలేదు, ఈమెయిళ్లలో పేర్లు తప్ప. వీడు పుస్తకాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాడు, పొద్దున జనరల్ స్టడీస్, రాత్రి గవర్నర్లు. ఇద్దరం కలిసి వాడి వంతు బట్టలు కూడా ఉతుకుతున్నాం. ఇంతకంటే సాయం మా చేతిలో లేదు.

ఉద్యోగం ప్రశ్నకి సగం జవాబు ఇదీ. ఫోన్, కారు, టీవీ చిప్‌లు చేసే కంపెనీలకి హైదరాబాదులో, బెంగళూరులో ఆఫీసులున్నాయి, కెర్నెల్, డ్రైవర్ల పని అక్కడ జరుగుతుంది. ఆ సీనియర్ అన్న అలాంటి చోటే ఉన్నాడు. మాకు దొరుకుతుందా అన్నది మిగతా సగం.

పని ఎంతవరకు వచ్చిందంటే, బోర్డు మీద మెయిన్‌లైన్ కెర్నెల్ నడుస్తోంది. ట్రాన్స్‌స్టాట్ అనే ఫైలు తెరిస్తే ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకి ఎన్నిసార్లు మారిందో, ఏ మెట్టులో ఎన్ని మిల్లీసెకన్లు ఉందో పట్టికలా వస్తుంది. ఏ పనీ లేకుండా వదిలేసి ఒకసారి, పెద్ద ఫైలు కాపీ పెట్టి ఒకసారి చూస్తే రెండు పట్టికలూ వేరే వేరే మనుషుల దినచర్యల్లా ఉంటాయి. కరెంటు కొలవడమే మిగిలింది. బోర్డుకి 5 వోల్టుల అడాప్టరు, 4 ఆంపియర్ల దాకా ఇస్తుంది, దాని తీగ మధ్యలో మీటరు పెట్టాలి. పది ఆంపియర్ల రేంజి ఉన్న మీటరు ఈసీఈ ల్యాబులో ఒకటే ఉంది, సాయంత్రం ఐదుకి ల్యాబు మూసేస్తారు, మా క్లాసులు నాలుగున్నరకి అయిపోతాయి. రోజుకి అరగంట అన్నమాట. బోర్డు ఫ్యాను తిరగడం మొదలైతే కరెంటు అంకె అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి ఫ్యానుకి వేరే సప్లై ఇవ్వాలని చూస్తున్నాం.

చూడాలనుకునేవాళ్లకి ఒక మాట. మామూలు ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి సిస్ ఫోల్డరులో, క్లాస్ లోపల డెవ్‌ఫ్రీక్ కోసం వెతికితే చాలావాటిలో ఖాళీగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. కంగారుపడకండి. అక్కడ సీపీయూఫ్రీక్ దొరుకుతుంది, గవర్నర్ల ఆలోచన ఒకేలాంటిది, దానితో మొదలుపెట్టొచ్చు. ఫోన్‌లో రూట్ చేయకుండా ఈ ఫైళ్లు చాలావరకు తెరుచుకోవు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌ని దీనికోసం రూట్ చేయకండి. కోడుకి బోర్డు అక్కర్లేదు, కెర్నెల్ కోడులో డ్రైవర్స్ లోపల డెవ్‌ఫ్రీక్ ఫోల్డరు. పవర్‌సేవ్, పెర్ఫార్మెన్స్ ఫైళ్లు ముందు, సింపుల్ ఆన్‌డిమాండ్ తర్వాత, పెద్ద ఫైలు డెవ్‌ఫ్రీక్ డాట్ సీ చివర. ఇంగ్లీషు కామెంట్లు అర్థం కాకపోతే ఫోటో తీసి పంపండి. తెలుగులో చెబుతాం, కోయలో కావాలంటే చింతూరు చెబుతాడు, సవరలో సీతంపేట.

ఇంకో ఇద్దరు కావాలి మాకు. ఈసీఈ చదివేవాళ్లయితే మంచిది, మీటరు భయం లేనివాళ్లయితే ఇంకా మంచిది. ఆదివారం మధ్యాహ్నం మెస్ అయ్యాక రూము 14కి రండి. బోర్డు డిసెంబరు దాకా మా దగ్గరే ఉంటుంది, ఆ తర్వాత అన్నకి తిరిగి ఇచ్చేయాలి.